మూడో రీలు

లైట్లు ఆరిన నిమిషానికే నేల క్లాసులోంచి మొదటి కేక లేచింది, సౌండూ అని. దాని వెనకే ఇంకొకటి, ఒరే ఆపరేటరూ సౌండూ అని. ఆ కేక కోసమే మూడేళ్ళుగా కాచుకుని కూర్చున్నాడేమో, ఆ సినిమా తీసిన జాహిద్‌కి ఆశ్చర్యం కలగలేదు. సౌండు లేకపోవడమేమిటి, తెర మీద చేత్తో గీసిన ఐదువందల బాతులు కోత కోసిన మళ్ళలోకి దిగుతున్నాయి, రెక్కల చప్పుడుంది, బురదలో ముక్కులు ఆడిస్తున్న చప్పుడుంది, కాలవ గట్టు మీద గాలి ఉంది, ఆ గాలిలో సన్నగా ఒక సన్నాయి కూడా ఉంది. లేనిది మాట. మాట లేకపోతే సౌండు లేనట్టే ఇక్కడ. చల్లపల్లిలోనే కాదు ఎక్కడైనా అంతే అంటారు, బాల్కనీ ముందు వరసలో పక్క కుర్చీలో తెరకి సగం వీపు తిప్పి కూర్చున్న పూర్ణచంద్రరావు గారు. ఆయన బెజవాడ గాంధీనగర్‌లో నలభై ఏళ్ళుగా సినిమాలు కొని జిల్లాలకి పంచుతున్న మనిషి, అయితే సినిమా చూసే అలవాటు లేదు. నేను బొమ్మని చూడనయ్యా, బొమ్మ చూసేవాణ్ణి చూస్తాను అంటారు. ఇప్పుడూ అదే పని, తెర వెలుగులో వరసల వెంట మొహాలు లెక్కపెడుతున్నట్టు చూస్తున్నారు. ఆయన ఒళ్ళో నల్ల రెగ్జిన్ సంచీ ఉంది. సంచీలో నలభై పేజీల డైలాగులున్నాయి, డైలాగుల మీద ఒక ఒప్పందం కాగితం, దాని మీద జాహిద్ సంతకానికి వదిలిన ఖాళీ ఉన్నాయి.

షరతు చిన్నదే. బెజవాడలో వేయించే రంగు పోస్టర్లు లేకుండా, ఊరించకుండా, మాటల్లేని సినిమా అని ఎవరికీ చెప్పకుండా, మామూలు మార్నింగ్ షోకి మామూలు జనం మధ్య వెయ్యాలి. ఊరికే రమ్మని పిలిస్తే వచ్చినవాడు మర్యాదకి బాగుందంటాడు కాబట్టి టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళే ఉండాలి. ఇంటర్వెల్ దాకా జనం కుదురుగా కూర్చుంటే సినిమాని ఉన్నదున్నట్టు విడుదల చేస్తారు. గోల చేసినా, లేచిపోయినా, బాతులకి నోళ్ళొస్తాయి. పెద్ద బాతుకి ఒక పేరున్న హాస్యనటుడి గొంతు అప్పుడే మాట్లాడి పెట్టారు. డైలాగుల మొదటి పేజీ జాహిద్ చదివాడు. గుంపులోంచి తప్పిపోయిన బాతు, పొద్దుగూకే వేళ ఒంటరిగా మడి మధ్యలో నిలబడి, హమ్మయ్య, ఇంటి గోల వదిలింది అంటుంది. ఆ వాక్యం చదివిన రోజు అన్నం తినలేదు. తినలేదని భవానీపురం ఇంట్లో తల్లి జమాల్ బీ అడిగితే ఎండ దెబ్బ అన్నాడు. ఆమెకి ఏమని చెప్తాడు, నీ కొడుకు గీసిన బాతు చేత అనకూడని మాట అనిపించబోతున్నారని చెప్తాడా?

సౌండూ అని ఈసారి నలుగురు కలిసి అరిచారు, ఈల కూడా వేశారు. రావు గారి మోచెయ్యి జాహిద్ మోచేతిని మెల్లిగా తాకింది. జాహిద్ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నోళ్ళు, ఎన్ని నోళ్ళు గీశాడని. తొంభై ఆరులో హైదరాబాదు వెళ్ళి, అమెరికా వాళ్ళ టీవీ బొమ్మల పని తెచ్చి చేసే ఒక స్టూడియోలో చేరి, రెండువేల మూడు దాకా ఏడేళ్ళు నోళ్ళే గీశాడు. అసలు బొమ్మలు అక్కడెక్కడో ఎవరో గీసి పంపేవాళ్ళు, ఈ బొమ్మకీ ఆ బొమ్మకీ మధ్య రావలసిన బొమ్మలు గీయడం ఇక్కడివాళ్ళ పని. గోడకి ఒక చార్టు ఉండేది, అందులో ఎనిమిది నోళ్ళు, పెదాలు మూసిన నోరు, సున్నా చుట్టిన నోరు, పళ్ళు కనబడే నోరు, నాలుక పైకెత్తిన నోరు. కాగితం మీద అంకెలు వచ్చేవి, మూడు, మూడు, ఐదు, ఒకటి, ఏడు. ఆ అంకె ప్రకారం ఆ నోరు గీసి పెట్టడమే, ఏమంటున్నాడో తెలియదు. ఒకసారి టోపీ పెట్టుకున్న ముసలాడొకడి నోరు నాలుగు నెలలు గీశాడు. ఆ అంకెల వరస చూసి, మధ్య మధ్య మూసిన పెదాలు చూసి, పాపం పెళ్ళాం పోయిన దుఃఖం చెప్పుకుంటున్నాడనుకున్నాడు. చెయ్యి కూడా అలాగే కదిలింది, ప్రాణం పెట్టి గీశాడు. తరువాత ఎప్పుడో క్యాసెట్టు వస్తే అందరూ చుట్టూ చేరి చూశారు. ముసలాడు టొమాటో సాసు అయిపోయిందని చెప్తున్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు, జాహిద్ కూడా నవ్వాడు, నవ్వి మేడ మీదికి వెళ్ళి నీళ్ళ ట్యాంకు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఇంక నోరు గీయను అని ఆ రోజే అనుకున్నాడేమో, సరిగ్గా ఏ రోజో చెప్పలేడు. గీస్తే మెడ గీస్తాను, నడక గీస్తాను, వెనక్కి తిరగడం గీస్తాను.

నేల క్లాసులో నవ్వు. ఉలిక్కిపడి తెర చూశాడు. కుంటి బాతు గట్టు ఎక్కబోయి జారి, జారలేదన్నట్టు అటూ ఇటూ చూసి, కావాలనే దిగానన్నట్టు ఇంకో వైపు నడుస్తోంది. నవ్వారు! ఎవరూ సౌండు అనలేదు, ఎప్పుడు మానేశారో గమనించుకోలేదు, నోళ్ళ మధ్య ఇరుక్కుపోయి చూడలేదు. జనానికి ఒకసారి అలవాటు పడితే మాట అడగరు, ఈ సంగతి అతనికి పుస్తకాల్లో దొరకలేదు, ఇంట్లో దొరికింది. తండ్రి అబ్దుల్ రవూఫ్ వన్‌టౌన్‌లో ఒక హాల్లో పాతికేళ్ళు ఆపరేటరు. ఆ క్యాబిన్‌లో సినిమా మాట వినబడడానికి పెట్టిన చిన్న స్పీకరు ఎప్పుడో పాడైంది, యజమాని బాగు చేయించలేదు. రెండు మెషీన్ల రొదలో, గోడకున్న చదరపు గాజు బొక్కలోంచి, ఆయన పాతికేళ్ళ సినిమాలన్నీ మాటల్లేకుండానే చూశాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ కథ చెప్పేవాడు. పిల్లలు తరువాత సినిమాకి వెళ్తే కథ వేరేగా ఉండేది, ఎప్పుడూ తండ్రి చెప్పిందే బాగుండేది. ఒక సినిమాలో అన్న చివర్లో తమ్ముణ్ణి క్షమించలేదు అని చెప్పాడు. వెళ్ళి చూస్తే అన్న పేజీన్నర డైలాగు చెప్పి మరీ క్షమించాడు. జమాల్ బీ నవ్వి, ఏమయ్యా, కళ్ళు కూడా పోయాయా అంది. నోటితో అన్నాడేమో జమాలూ, మొహంతో అనలేదు, అన్నాడు ఆయన పెరుగన్నం కలుపుకుంటూ. ఎంత మామూలుగా అన్నాడో. ఆయన పోయి ఐదేళ్ళయింది. ఉండి ఉంటే ఇవాళ ఈ కుర్చీలో ఉండేవాడు, లేదు, కుర్చీలో ఎందుకుంటాడు, క్యాబిన్‌లో ఉండేవాడు.

క్యాబిన్‌లో ఉన్నది అంతోని. పొద్దున ఎనిమిదింటికి రీళ్ళ పెట్టె బస్సు మీంచి దించి జాహిదే మోసుకొచ్చి ఇచ్చాడు. మొదటి బస్సు, ఉయ్యూరు, పామర్రు, ఒళ్ళంతా దుమ్ము. అంతోని యాభై ఏళ్ళవాడు, చెవులు పెద్దవి, ఆ చెవులంటే అతనికి మహా గొప్ప. డబ్బా మీద నంబరు నేను నమ్మనండి, అన్నాడు. ప్రివ్యూ వేసినచోటల్లా తారుమారు చేసి సర్దేస్తారు, ముందుండే నంబరు ముక్క కూడా తెంపి పారేస్తారు, నేనైతే ఈ రీలు చివర, ఆ రీలు మొదలు రెండూ తిప్పి మాట వింటానండి, మాట మాటకి అతికితే రీలు రీలుకి అతికిస్తాను, పంతొమ్మిదేళ్ళలో ఒక్కటి తప్పలేదండి. అప్పుడు చెప్పవలసింది. ఇందులో మాట లేదయ్యా అని ఒక్క ముక్క చెప్పవలసింది. నాలిక చివరి దాకా వచ్చింది, ఎవరికీ చెప్పకూడదన్న షరతు గుర్తొచ్చింది, మింగేశాడు. అంతోని చేతికి పెట్టె ఇచ్చి టీ తాగడానికి వెళ్ళాడు.

బాతుల వాళ్ళు తెల్లారుజామున గుడ్లు ఏరుకుంటున్నారు తెర మీద, బుట్టలోకి ఒక్కొక్కటీ. ఒక గుడ్డు దుబ్బుల మధ్య ఉండిపోయింది. కుంటి బాతు చూసింది, మనుషులు చూడలేదు. హాల్లో గుసగుస. పొద్దుగూకింది, గుంపు కదిలి కాలవ దాటుతోంది, కుంటి బాతు నాలుగడుగులు వేసి ఆగింది, వెనక్కి తిరిగింది. తెర కుడి మూల చుక్క మెరిసింది, మళ్ళీ మెరిసింది, మొదటి మెషీన్ అయిపోయి రెండో మెషీన్ అందుకుంటుందన్నమాట, తండ్రి ఆ చుక్కని కన్ను కొట్టడం అనేవాడు. ఇప్పుడు చీకటి మడి, చీకట్లో బాతు వెతుకులాట, గుడ్డు, దానికోసం వచ్చిన కుక్క, రెక్క చీరుకుపోవడం, వాన, వానలో గుడ్డు మీద కూర్చోవడం, పొదగడం, మూడో రీలు మొత్తం అదే, పది నిమిషాల యాభై సెకన్లు, సినిమాకి గుండెకాయ. తెర తెల్లబడింది. ఎండ. కాలవ నీళ్ళ మీద ఎండ. కుంటి బాతు ఈదుతోంది. దాని ఎడమ రెక్క చీరుకుపోయి ఉంది. దాని వెనక పసుప్పచ్చగా పిల్ల.

నాలుగో రీలు. మూడోది రాకుండా నాలుగోది వచ్చింది. జాహిద్ కుర్చీలోంచి సగం లేచాడు, అంతవరకూ గుర్తుంది. మాట వినలేక, మాటే లేక, అంతోని చెవులు నాలుగో రీలు ఎండ సన్నాయి వెనక మూడో రీలు వాన సన్నాయిని అతికించేశాయి. తప్పెవరిది, తనది, నాలిక మీది ముక్క మింగినవాడిది. బాల్కనీ పక్క తలుపు, బయట ఇనప మెట్లు, పద్దెనిమిదో ఇరవయ్యో, ఎక్కి తలుపు బాదితే నిమిషంలో ఆగిపోతుంది. ఆగితే లైట్లు వేస్తారు, లైట్లు వేస్తే ఈలలు, ఈలలు వేస్తే సంచీ జిప్పు. అయినా వెళ్ళాలి. కాళ్ళకి చెప్పాడు కూడా. అప్పుడు హాలు వైపు చూశాడు. ఎవరూ కదలలేదు. నేల మీద ఆడవాళ్ళు మోకాళ్ళు కావలించుకుని చూస్తున్నారు, బెంచీల మీద ఒకడు బీడీ ఆర్పకుండా పట్టుకుని చూస్తున్నాడు, నూట ఎనభై మందిలో ఒక్కడు కూడా పక్కవాడి వైపు తిరగలేదు. గుడ్డు ఏమయిందని, పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందని, రెక్క ఎందుకు చిరిగిందని ఒక్కరూ అడగలేదు. జాహిద్ మెల్లిగా మళ్ళీ కూర్చున్నాడు, ఈలల కంటే ఇది ఘోరంగా ఉంది.

అంటే ఏమిటి, మధ్యలో సినిమా గుండె తీసేసినా వీళ్ళకి తేడా తెలియలేదు. అంటే వీళ్ళు కథ చూడడం లేదు, రంగులు చూస్తున్నారు. బాతులు, నీళ్ళు, ఎండ, బాగున్నాయి, పెళ్ళివారి ఇంట్లో గోడ మీద క్యాలెండరు బాగున్నట్టు బాగున్నాయి. మూడేళ్ళు, ఎనిమిది మంది, భవానీపురం మేడ మీద రేకుల గదిలో, వేసవిలో చెమట బొట్టు కాగితం మీద పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకుని గీసిన యాభై వేల బొమ్మలు ఒక క్యాలెండరు. మాట ఉంటే ఈపాటికి ఎవడో ఒకడు పట్టేసేవాడు కదా, ఆ రీల్లో అడిగిన దానికి ఈ రీల్లో జవాబేదని అరిచేవాడు కదా. రావు గారు చెప్పింది నిజమేనేమో, నలభై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా. జాహిద్ అప్పుడొక పిచ్చి పని చేశాడు. మెట్లెక్కకూడదనుకున్నాడు. ఈ రీలు అయిపోయే లోపల, ఈ పదినిమిషాల లోపల, ఎవరైనా ఒక్కరు, ఒక్కరు చాలు, తప్పు పట్టుకుంటే సరే. లేకపోతే తానే సంచీ అడిగి తీసుకుని సంతకం పెడతాడు, గోల లేకపోయినా పెడతాడు. షరతు ఆయన పెట్టాడు, ఇది తన షరతు. చేతి గడియారం తెర వెలుగుకి తిప్పి చూశాడు. రెండు నిమిషాలు అప్పుడే పోయాయి.

కాలవ మలుపు. ఒడ్డున ఇళ్ళు, సాయంత్రం, ఒక్క ఇంటి కిటికీలోనే దీపం. ఈ బొమ్మ నుస్రత్ వేసింది. నుస్రత్ అతని భార్య, సినిమాలో మనుషులూ బాతులూ కదిలే వెనక కనబడే మళ్ళూ కాలవలూ ఆకాశాలూ అన్నీ ఆమె చేతివే. పోయిన చలికాలం ఇద్దరికీ పదకొండు రోజులు మాటల్లేవు. ఎందుకు గొడవ పడ్డారో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గు, ఆకాశానికి వేసిన రంగు చచ్చిపోయినట్టుందన్నాడు, అంతే, కానీ అన్న తీరు అది కాదు, ఎనిమిది మంది ముందు అన్నాడు. ఆమె బ్రష్షు కడిగి పెట్టి కిందకి వెళ్ళిపోయింది. పదకొండు రోజులు అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, మాట పెట్టలేదు. పన్నెండో రోజు పొద్దున అతని బల్ల మీద ఈ బొమ్మ ఉంది, చీకటి పడుతున్న కాలవ, ఇళ్ళన్నీ చీకటి, ఒక్క కిటికీలో దీపం. ఇంకేమీ రాయలేదు. జాహిద్ దాన్ని చేతిలో పట్టుకుని కిందకి దిగి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరగకుండానే, టీ పెట్టనా అంది. ఆ బొమ్మ ఇప్పుడు నూట ఎనభై మంది ముందు, రాకూడని చోట వచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతోంది. పొద్దున బస్సుకి బయలుదేరుతుంటే నుస్రత్ గుమ్మం దాకా వచ్చి, నేను రానండీ, నా వల్ల కాదు, అయిపోయాక ఫోన్ చెయ్యండి అంది. ఏమని చేస్తాడు?

ఆరు నిమిషాలు. లాకుల దగ్గర నీళ్ళ సుడి, పిల్ల సుడి అంచున తిరుగుతోంది, హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది, అది కూడా ఇప్పుడు అతనికి సంతోషంగా లేదు. ఎవరి పిల్లో తెలియని పిల్ల కొట్టుకుపోతున్నా జనం ఊపిరి బిగబడతారు, అందులో అతని గొప్పేముంది. రావు గారు వరసలన్నీ ఆ చివర నుంచి ఈ చివరకి మరోసారి చూసి, అతని చెవి దగ్గరకి వంగారు. ఆయన దగ్గర లవంగం వాసన వేసింది.

“జాహిదూ, చీమ చిటుక్కుమనలేదయ్యా. ఒక్కడు లేవలా. సరేలే, నీ మాటే నెగ్గింది. మాటలొద్దులే, ఇట్టాగే వదిలేద్దాం.”

మూడేళ్ళు వినాలని తపించిన మాట. బస్సులో కళ్ళు మూసుకుని ఎన్నిసార్లు రిహార్సలు వేసుకున్నాడో, ఆయన ఇలా అంటే తాను ఏం చెయ్యాలి, చెయ్యి పట్టుకోవాలా, నవ్వాలా. ఇప్పుడు ఆ మాట చెవిలో పడి అక్కడే ఉండిపోయింది, లోపలికి దిగలేదు. తిరగేసిన సినిమా చూసి ఒప్పుకున్నాడీయన. ఊరుకుంటే చాలు, నోరు మూసుకుంటే చాలు, ఇంటర్వెల్లో అంతోని చెవి మెలేసి రీళ్ళు సర్దుకోవచ్చు, రేపటి నుంచి ఎవరికీ తెలియదు, బాతు నోట ఆ పాడు డైలాగు ఉండదు, నుస్రత్‌కి ఫోన్ చెయ్యవచ్చు, గెలిచామని చెప్పవచ్చు. చెప్పగలడా? జనానికి కథ ఎక్కలేదు గానీ రావు గారికి జనం కదలకపోవడం నచ్చింది, అందుకని గెలిచామని. తల ఊపాడో లేదో తెలియదు. ఆయన మాత్రం తొడ మీద తట్టి మళ్ళీ జనం వైపు తిరిగారు. ఏడు నిమిషాలు. ఏడూ పది సెకన్లు.

నేల క్లాసులో ఏదో సణుగుడు. ఒకామె పక్కామెతో. పక్కామె కాదంటోంది, ఈమె అవునంటోంది. మాటలు తెలియడం లేదు, అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చిన సంగతేదో అయి ఉంటుంది. సణుగుడు పెద్దదయింది, వెనక బెంచీలోంచి ఎవడో గద్దించాడు. గద్దించినవాణ్ణి ఆమె లెక్కచెయ్యకుండా లేచి నిలబడింది, తెర వెలుగులో ఆమె నీడ కాలవ నీళ్ళ మీద పడింది, పొట్టి మనిషి, చీర కొంగు నడుముకి దోపుకుంది. తెర వైపు కాదు, వెనక్కి, పైకి, క్యాబిన్ బొక్క వైపు తిరిగింది.

“ఒరే అంతోనీ, రీలు తప్పేశావురా. రెక్కకి దెబ్బెప్పుడు తగిలింది? గుడ్డేదిరా?”

జాహిద్‌కి ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. ఆ తరువాత హాలు మొత్తం ఒక్కసారి వినబడింది. అదేరా నేనూ అనుకుంటన్నా అని బెంచీలోంచి, గుడ్డు మళ్ళోనే ఉండిపోయిందిరా అని నేలలోంచి, మధ్యలో ఒక రీలు మింగేశాడు అని బాల్కనీలోంచి, ఈలలు, బల్లలు చరచడం, అంతోనీ అంతోనీ అని తాళం. అంతమందీ పట్టుకున్నారు. ఇందాకట్నుంచీ పట్టుకునే ఉన్నారు, ముందు ఎవరంటే వాళ్ళు తెలివితక్కువ వాళ్ళవుతారేమోనని, సినిమానే అట్లా తీశారేమోనని, పక్కవాడికి అర్థమైందేమో మనకే కాలేదేమోనని, తెలిసీ ఊరుకున్నారు. జాహిద్‌కి ఏడుపొచ్చింది. వచ్చిందాన్ని ఆపుకోలేదు, చీకట్లో కళ్ళ నీళ్ళు బుగ్గల మీదికి దిగుతుంటే పెదాలు బిగించి నవ్వుతూ కూర్చున్నాడు. ఇంత ఆనందం ఇంతకు ముందు ఎప్పుడూ ఎరగడు, పెళ్ళిలో కూడా ఎరగడు, నుస్రత్ వింటే ఊరుకోదు.

మెషీన్ ఆగింది, లైట్లు వెలిగాయి. రావు గారు అప్పటికే సంచీ జిప్పు లాగుతున్నారు. తొందరపడ్డానయ్యా, చూశావా గోల అన్నారు, ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది, అదే ఎక్కువ భయపెట్టింది. మాట లేకపోతే ఇట్టాగే మధ్యలో తిరగబడతారు, నీ తప్పు కాదు, జనం అంతే, రేపే గొంతుల పని మొదలుపెడదాం అంటూ కాగితం బయటికి తీశారు. జాహిద్ చెప్పబోయాడు. అది తిరగబడడం కాదండీ, రీలు నిజంగానే తప్పండీ అన్నాడు. ఆయన నమ్మలేదు, ఓడిపోయినవాడు ఏదో ఒకటి అంటాడన్నట్టు చూశారు. రీలు తప్పని నీకెప్పుడు తెలిసింది అని అడిగారు. వచ్చినప్పుడే అన్నాడు. మరి ఊరుకున్నావే? జాహిద్ వెనక మెట్లు దిగి నేల క్లాసు దాకా వెళ్ళి, ఆ లేచి నిలబడిన ఆమెని పేరేమిటమ్మా అని అడిగాడు. శౌరమ్మ అంది. పాలెం నుంచి నలుగురితో కలిసి వచ్చింది, నాట్లకీ కోతలకీ పోయే మనిషి, బాతుల సినిమా అంటే ఏముంటుందోనని చూడ్డానికొచ్చింది. వెనకే రావు గారూ దిగారు, కాగితం చేతిలోనే ఉంది.

ఏం తప్పొచ్చిందమ్మా ఇందులో, అని అడిగారాయన. నమ్మకుండానే అడిగారు. శౌరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది, ఇంతసేపూ ఈయన ఎక్కడున్నాడా అన్నట్టు.

“బాతులోళ్ళు గుడ్లేరారు గదండీ, ఒకటి దుబ్బుల్లో ఉండిపోయింది. ఆ కుంటిది చూసింది. సాయంత్రం గుంపు కదిలితే ఇదీ కదిలింది. నాలుగడుగులేసి ఆగింది. దారి తెలీక ఆగలేదండీ అది. దానితో కూడా తిరిగేది ఇంకోటుంది, మెడ మీద మచ్చది, అదన్నా ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తదేమోనని ఆగింది. అది చూళ్ళా. అప్పుడు మళ్ళింది ఇది. ఇప్పుడు గుడ్డు దొరకాలా, పొదగాలా, ఆ రెక్క ఎవరు చింపారో తెలియాలా? అయ్యేమీ లేకుండా పిల్లనేసుకుని కాలవలో ఈదుతుంటే ఎట్టా ఊరుకుంటామండీ.”

జాహిద్ గోడకి ఆనుకున్నాడు. బాతు ఆగడం ఒకటిన్నర సెకను, ముప్ఫై ఆరు ఫ్రేములు. అక్కడ ఎందుకు ఆగాలో అతను ఎవరికీ చెప్పలేదు, ఆగాలి అన్నాడంతే. హైదరాబాదులో ఏడేళ్ళ పని వదిలేసి వచ్చిన రోజు, సంచీ భుజాన వేసుకుని గది గుమ్మం దగ్గర అలా ఆగాడు. లోపల పద్దెనిమిది మంది, ఏడేళ్ళు ఒకే డబ్బాలో తిన్నవాళ్ళు, దీపాల కింద తలలు వంచుకుని గీసుకుంటున్నారు. ఎవరైనా తల ఎత్తుతారేమోనని ఆగాడు. ఎవరూ ఎత్తలేదు, పని తొందర, పాపం వాళ్ళ తప్పు కాదు. ఆ సంగతి నుస్రత్‌కి కూడా చెప్పుకోలేదు, చెప్పుకోవడానికి చాలా చిన్నదిగా అనిపించింది. చల్లపల్లి నేల క్లాసులో ఎన్నడూ మొహం చూడని మనిషి దాన్ని చదివి అతని చేతిలో పెట్టింది.

రావు గారి మొహం వెలిగింది, ఆ వెలుగు వ్యాపారం తోచినప్పటిది. ఆ హాస్యనటుడొద్దయ్యా, ఈమె గొంతు పెడదాం, ఇట్టాగే, ఈ యాసలోనే, మొదట్నుంచి చివరి దాకా ఈమె చేత చెప్పిద్దాం, జిల్లాలన్నీ ఊగిపోతాయి అన్నారు. నిజంగా మంచి ఉద్దేశంతోనే అన్నారు. బంగారం దొరికినట్టు ఆమె వైపు చూస్తున్నారు. జాహిద్ మూడేళ్ళుగా దాచుకున్న వాదనలన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ పనికొచ్చేట్టు లేదు, ఎందుకంటే ఆమె నిజంగానే అతని కంటే బాగా చెప్పింది.

“నేను చెప్పేస్తే ఇంక వీళ్ళు చూసేదేముందండీ,” అంది శౌరమ్మ. “మీరు కూర్చోండి ముందు. అంతోనీ, లైటార్పరా.”

ఆమె కూర్చుంది. ఆమె పక్కన చోటు ఉంటే అక్కడే, నేల మీదే, తెల్ల పంచె సర్దుకుని పూర్ణచంద్రరావు గారు కూర్చున్నారు, మళ్ళీ అంత దూరం బాల్కనీ ఎక్కే ఓపిక లేక కాబోలు. జాహిద్ ఆయన పక్కన చతికిలబడ్డాడు. పైన అంతోని ఏవేవో తిట్టుకుంటూ రీళ్ళు విడదీస్తున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఒక్కరూ బయటికి వెళ్ళలేదు. లైట్లు ఆరాయి. చీకటి మడి వచ్చింది, వెతుకులాట వచ్చింది, దుబ్బుల మధ్య తెల్లగా గుడ్డు కనబడింది, హాలు అమ్మయ్య అంది. గట్టు అవతల కుక్క కళ్ళు రెండు మెరిశాయి. కాగితం ఇంకా రావు గారి చేతిలోనే ఉంది, సంతకం లేకుండా. ఏమవుతుందో ఇంకా తెలియదు. ఇంటర్వెల్ ఇంకా ముందుంది, ఆయన ఏ క్షణమైనా జనం వైపు తిరగవచ్చు. కుక్క ఒక అడుగు వేసింది. బాతు రెక్కలు విప్పి గుడ్డు మీద కప్పింది. కుక్క ఇంకో అడుగు వేసింది. రావు గారి వేళ్ళు చీకట్లో తడుముకుంటూ వచ్చి జాహిద్ మణికట్టు పట్టుకున్నాయి, గట్టిగా.

“పిల్ల బతికే ఉంది గదయ్యా, ఇందాక చూశాంగా,” అన్నారు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “మరి ఇంత భయమేస్తోందేంటి?”